జెర్సీ వదిలిన చెయ్యి

నా అసలు పేరు ఆల్విన్ నోస్కే. ఆ పేరుతో నన్ను పిలిచేది బ్యాంకువాళ్ళూ, కోపం వచ్చినప్పుడు మా ఆవిడ గ్లెనిస్సూ. కెవెల్ ఫ్లాట్‌లో మిగతా అందరికీ నేను ఫ్రిజ్‌ని. ఫుట్‌బాల్, అదే చేత్తో పట్టి కాలితో తన్నే మా ఆస్ట్రేలియా ఫుట్‌బాల్, ఆడే రోజుల్లో గోల్ స్తంభాల ముందు నిలబడ్డానంటే ఎవడు తోసినా కదిలేవాణ్ణి కాదు. బంతే నన్ను వెతుక్కుంటూ వచ్చేది. అలా నిలబడే 1986లో ఒక్క సీజన్లో నూట పద్దెనిమిది గోల్స్ కొట్టాను. మా లీగ్‌లో దాన్ని దాటిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. క్లబ్బు హాల్లో బీరు కౌంటర్ పైన బోర్డు మీద బంగారు రంగు అక్షరాలతో రాసి ఉంటుంది. చూడనివాళ్ళకి నేనే చూపిస్తాను. సిగ్గేముంది అందులో?

మొన్న ఆగస్టులో దానికి గండం వచ్చింది. గండం పేరు డేన్ కోర్బెట్. మర్రాబుల్ జట్టుకి ఫుల్ ఫార్వర్డ్, అంటే గోల్స్ కొట్టడమే వాడి పని. ఒక్క మ్యాచ్ మిగిలి ఉండగా నూట పద్నాలుగు కొట్టి కూర్చున్నాడు. ఆ మిగిలిన మ్యాచ్ మా ఊళ్ళో, మాతోనే. గెలిస్తే మేం ఫైనల్స్‌కి వెళ్తాం, ఓడితే బూట్లు అటకెక్కించాలి. గోల్ దగ్గర కోర్బెట్‌ని ఆపాల్సినవాడు మా ఫుల్ బ్యాక్ రూబెన్ హార్టిగన్. వాడికి ఆట నేర్పింది నేను.

ఇంకేముంది, ఊరందరికీ కబుర్లు దొరికాయి. పోస్టాఫీసులో, పెట్రోల్ బంకులో, ఆఖరికి చర్చి మెట్ల మీద కూడా అదే మాట. “ఏం ఫ్రిజ్, రాత్రి నిద్ర పడుతోందా?” అని అడిగేవాళ్ళు. “కందకు లేని దురద కత్తిపీటకెందుకు?” అనేవాణ్ణి. కందకి దురద బాగానే ఉంది. ఆ సంగతి వాళ్ళకెందుకు చెప్తాను?

రూబెన్‌కి పంతొమ్మిదేళ్ళు. ట్రాక్టర్ల షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు. వాడు తలుపులోంచి వస్తే ముందు తల వంగుతుంది, తర్వాత మనిషి వస్తాడు, అంత పొడుగు. మొదట్లో వాడికున్న జబ్బల్లా మర్యాద. ఎదుటివాణ్ణి గుద్దుకుంటే “సారీ” అనేవాడు. ఫుల్ బ్యాక్ సారీ చెప్పడమేమిటండీ! మూడేళ్ళు ప్రతి గురువారం ప్రాక్టీసయ్యాక వాణ్ణి ఆపి, గోల్ ముందు నా పక్కన నిలబెట్టుకునేవాణ్ణి. నా మోకాళ్ళు రెండూ పోయాయి కానీ మోచేతులు ఇంకా పనిచేస్తాయి. వాడి జెర్సీ పట్టి లాగేవాణ్ణి, బొడ్డు కింద పొడిచేవాణ్ణి, కాలు తొక్కేవాణ్ణి. నా రోజుల్లో నన్ను ఆపాలని చూసినవాళ్ళు చేసినవన్నీ, వాళ్ళ మీద నేను చేసినవన్నీ నేర్పాను.

“గోల్ కొట్టడానికి వచ్చినవాణ్ణి వదలకూడదురా. నీడలా ఉండు. వాడు నీళ్ళు తాగడానికి వెళ్ళినా నీ చెయ్యి వాడి జెర్సీ మీదే ఉండాలి.”

“మరి బంతి?”

“బంతి సంగతి బంతి చూసుకుంటుంది. నువ్వు వాణ్ణి చూసుకో.”

వాడు నేర్చుకున్నాడు. కిందటేడు వాడిమీద ఎవరూ మూడుకి మించి గోల్స్ కొట్టలేకపోయారు. కానీ ఈ ఏడు జూన్లో ఓ బంతి వెనక పరిగెత్తుతూ తొడ వెనక కండరం పట్టేసి కూలబడ్డాడు. ఆరు వారాలు ఆట లేదు. పొద్దున్నే వాళ్ళమ్మ కారు డిక్కీ పట్టుకుని సాగదీసే వ్యాయామాలు చేసేవాడు. సాయంత్రం గోధుమ గోదాముల వెనక రోడ్డు మీద, ముందు నడక, తర్వాత మెల్లగా పరుగు. పక్క టౌన్లోని ఫిజియో అమ్మాయి వాణ్ణి పరిగెత్తించి, గెంతించి, వంచి, చివరికి ఒకటే మాట చెప్పింది: “కాలు బాగైపోయింది. ఇంక భయం ఒక్కటే మిగిలింది. దానికి నా దగ్గర పట్టీ లేదు.”

నిజమే. తిరిగి ఆడుతున్నాడు కానీ, పూర్తి వేగం అందుకోబోయే క్షణంలో అదుపు చేసుకుంటున్నాడు. దూరం నుంచి చూస్తే తెలీదు. ప్రత్యర్థి జెర్సీ పట్టుకుని నిలబడితే పరిగెత్తాల్సిన పనే లేదు కదా. నేను నేర్పిన విద్య వాడి భయానికి భలే కుదిరింది. ఇది నాకు నేనుగా తట్టిన ముక్క కాదు. మా కోచ్ బ్రెట్ వాటర్సన్ చెప్పాడు, అదీ గురువారం రాత్రి భోజనం దగ్గర, ఊరందరి ముందూ.

గురువారం ప్రాక్టీసయ్యాక క్లబ్బు హాల్లో అందరం కలిసి తింటాం. గొర్రె మాంసం, బంగాళాదుంపలు, గ్రేవీ. తిన్నాక కోచ్ లేచి శనివారం ఆడేవాళ్ళ పేర్లు చదువుతాడు. ఆ రోజు “ఫుల్ బ్యాక్, హార్టిగన్” అనగానే బల్లలు దద్దరిల్లాయి. రూబెన్ చెవులు ఎర్రబడ్డాయి. చదవడం అయ్యాక బ్రెట్ పళ్ళెం పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. బ్రెట్‌కి గొర్రెలు ఎక్కువ, మాటలు తక్కువ. మాట్లాడాడంటే విషయం ఉన్నట్టే.

“ఫ్రిజ్, నువ్వు రూబెన్‌కి ఓ మాట చెప్పాలి.”

“చెప్తాను. కోర్బెట్ ఎడమ మోచెయ్యి పట్టుకోమని.”

“కాదు. కోర్బెట్‌ని వదిలెయ్యమని.”

నా నోట్లో బంగాళాదుంప అలాగే ఉండిపోయింది. “నీకేమైనా పిచ్చా?”

“బంతి రూబెన్ తల మీంచి పోతున్నా వాడు కదలడం లేదు. వాడికున్న పొడుగుకి ముందుకెళ్ళి అందుకుంటే ప్రతిదీ వాడిదే. అక్కణ్ణించి మనం దాడి మొదలెట్టొచ్చు. నేను చెప్తే తలూపుతాడు. తీరా ఆటలో దిగితే నువ్వు చెప్పిందే చేస్తాడు. నువ్వు చెప్తేగానీ వాడి చెయ్యి ఆ జెర్సీ వదలదు.”

“కోర్బెట్ ఒంటరిగా దొరికితే?”

“దొరికితే ఎప్పుడూ కొట్టేవాటికి ఒకటో రెండో ఎక్కువ కొడతాడు.”

“ఒకటో రెండో అంటే ఏమిటో తెలుసా నీకు?”

“తెలుసు,” అన్నాడు బ్రెట్. బీరు కౌంటర్ వైపు చూడను కూడా లేదు, నయం.

కౌంటర్ వెనక గిన్నెలు తుడుస్తున్న గ్లెనిస్ మాత్రం ఊరుకోలేదు. “ఆల్విన్! ఆ పిల్లవాడికి ఆట నేర్పుతున్నావా, నీ బోర్డుకి కాపలా పెట్టావా?”

ఆల్విన్ అని పిలిచిందంటే నా పని అయిపోయినట్టే. హాలంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. “వాడికి నేనేం చెప్పాలో నాకు తెలుసు. మీ గొర్రెలూ మీ గిన్నెలూ మీరు చూసుకోండి,” అని లేచి బయటికొచ్చేశాను. పుడ్డింగ్ కూడా తినలేదు. నిమ్మకాయ పుడ్డింగ్ అది. ఇంటికెళ్ళేదాకా దాని గురించే ఏడుపు.

శనివారం మధ్యాహ్నానికి మైదానం చుట్టూ కంచెకి ఆనించి కార్లు నిలిపేశారు. మర్రాబుల్ ఊరు ఊరంతా దిగింది. ఎవరైనా రికార్డు కొడితే జనం కంచె దూకి మైదానంలోకి పరిగెత్తడం మా దగ్గర ఆనవాయితీ. పిల్లలైతే పొద్దున్నించే గోల్ దగ్గర కంచె ఎక్కి కూర్చున్నారు. వాళ్ళలో సగం మంది మా ఊరి పిల్లలే, విశ్వాసం లేని వెధవలు. క్వార్టర్ క్వార్టర్‌కీ జట్లు గోల్స్ మార్చుకుంటాయి కాబట్టి, రూబెన్ ఎటుంటే అటు గోల్ వెనక నేను మడత కుర్చీ వేసుకున్నాను.

మొదటి రెండు క్వార్టర్లూ రూబెన్ నా మాట జవదాటలేదు. కోర్బెట్ ఎటు తిరిగితే అటు తిరిగాడు. కోర్బెట్ విసుక్కున్నాడు, తిట్టాడు, మోచేత్తో పొడిచాడు. “ఏరా, పెళ్ళి చేసుకుంటావేమిట్రా నన్ను?” అని అరిచాడు. అంత కాపలాలోనూ రెండు కొట్టాడు, మగాడు. మూడో క్వార్టర్లో మళ్ళీ రెండు. అక్కడితో నూట పద్దెనిమిది. ఇద్దరం సమానం. ఇంకొక్కటి పడితే నా పేరు గోడ మీద రెండో వరసలోకి దిగిపోతుంది. నా కాఫీ చల్లారిపోయింది.

కానీ నన్ను పట్టి కుదిపింది ఆ నాలుగు గోల్స్ కాదు. మూడో క్వార్టర్ చివర్లో ఓ బంతి చాలా ఎత్తుగా వచ్చింది. రూబెన్‌కి ఇరవై అడుగుల ముందు దిగబోతోంది. నాలుగంగలు వేసి గెంతితే చేతుల్లో పడేది. నేల తాకకముందు పట్టుకుంటే అది మార్క్. ఇంక ఎవడూ లాక్కోలేడు, తీరిగ్గా ఎటు కావాలంటే అటు తన్నుకోవచ్చు. వాడి కాలు కదిలింది కూడా, నేను చూశాను. అంతలో వాడు ఆగిపోయాడు. చేత్తో కోర్బెట్ జెర్సీ మళ్ళీ అందుకున్నాడు. తల తిప్పి కంచె వైపు, నా వైపు చూశాడు. ‘సరిగ్గానే చేస్తున్నానా?’ అని అడుగుతున్నట్టు. ఆ బంతి మర్రాబుల్ వాడింకొకడు అందుకుని గోల్ కొట్టేశాడు.

మధ్యాహ్నమంతా వాడు అలాగే చూస్తున్నాడని నాకప్పుడు అర్థమైంది. బంతిని చూడాల్సిన పిల్లవాడు నన్ను చూస్తున్నాడు. నేను నేర్పినవాడు ఎదగకుండా నా కుర్చీ ముందే ఆగిపోయాడు. చెప్పకేం, ఏడుపొచ్చినంత పనైంది.

మూడో క్వార్టర్ విరామంలో జనం కంచె దాటి లోపలికెళ్ళి, కోచ్ చుట్టూ గుంపుగా నిలబడి ఆయన చెప్పేది వింటారు. మేం పది పాయింట్లు వెనకబడి ఉన్నాం. నేనూ కుంటుకుంటూ వెళ్ళాను. గ్లెనిస్ క్యాంటీన్ వదిలేసి, వేడి మాంసం పైలు తీసే పటకారు చేతిలో పట్టుకునే వచ్చింది. బ్రెట్ చెప్పాల్సింది చెప్పి నా వైపు చూశాడు. బతిమాలలేదు, ఊరికే చూశాడంతే.

“రూబెన్,” అన్నాను. “వాణ్ణి వదిలెయ్.”

“ఎవర్ని?”

“ఎవర్నేమిట్రా? కోర్బెట్‌ని! బంతి నీదనిపిస్తే వెళ్ళిపో. వెనక్కి చూడకు. నా వైపు అసలే చూడకు.”

వాడు బూటుతో గడ్డి గీరుతూ, “మరి నీ నూట పద్దెనిమిది?” అన్నాడు మెల్లగా.

“అది నలభై ఏళ్ళుగా గోడకి వేలాడుతోంది. ఇంకా నలభై ఏళ్ళు వేలాడితే మాత్రం నాకేమైనా అన్నం పెడుతుందా? నువ్వు ఆడు.”

“కాలు పట్టేస్తే?”

“పట్టేస్తే నేనే మోసుకెళ్తాను.”

“నీ మోకాళ్ళతోనా?” అన్నాడు వాడు. గుంపంతా ఘొల్లుమంది. వాడూ నవ్వాడు. ఆ మధ్యాహ్నం వాడి పళ్ళు నాకు కనిపించడం అదే మొదలు.

నాలుగో క్వార్టర్ మొదలైన కాసేపటికి మొదటి బంతి వచ్చింది. రూబెన్ చెయ్యి జెర్సీ మీద ఒక్క క్షణం తటపటాయించింది. వదిలేసింది. ముందుకెళ్ళి గెంతి, రెండు చేతులా అందుకుని గుండెలకి హత్తుకున్నాడు. మార్క్. కార్ల హారన్లు మోగాయి. వాడు తన్నిన బంతి ఇద్దరి చేతులు మారి అవతలి గోల్లో పడింది. ఇంకో రెండు నిమిషాలకి మళ్ళీ అదే తంతు, మళ్ళీ మాకు గోల్. గోల్‌కి ఆరు పాయింట్లు కదా, రెండు పాయింట్లు ముందుకొచ్చేశాం. నేను కుర్చీలో కూర్చోలేకపోయాను. నాకు తెలిసిన రూబెన్ కాదు వాడు. నేను నేర్పనివి చేస్తున్నాడు!

మూడోసారి వాడి లెక్క తప్పింది. గాలి తిరిగింది, బంతి వాడి వేళ్ళ మీంచి జారి వెనక్కి పోయింది. వెనక కోర్బెట్ ఒక్కడే ఉన్నాడు. దగ్గర్లో పురుగు కూడా లేదు. తీరిగ్గా అందుకుని, తీరిగ్గా తన్నాడు. నేను కొట్టినా అంతే తీరిగ్గా కొట్టేవాణ్ణి. బంతి స్తంభాల మధ్య నుంచి వచ్చి నా కుర్చీ కాలికి తగిలి ఆగింది. నా కుర్చీకే తగలాలా దానికి?

పిల్లలు కంచె దూకారు. వెనకే పెద్దలు, ఆడవాళ్ళు, ఓ కుక్క. కోర్బెట్‌ని భుజాలకెత్తుకున్నారు. ఆట ఆగిపోయింది. బంతి చంకన పెట్టుకుని నేనూ గేటు తెరుచుకుని లోపలికి నడిచాను. “అదుగో, ఫ్రిజ్ వస్తున్నాడు, చెయ్యి కలపడానికి వస్తున్నాడు,” అని జనం దారి ఇచ్చారు. ఎవరో ఫోను ఎత్తి ఫొటోకి సిద్ధమయ్యారు. నేను కోర్బెట్‌ని దాటేసి వెళ్ళిపోయాను.

రూబెన్ ఇంకా అక్కడే ఉన్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తల దించుకుని. నన్ను చూడగానే మొహం పాలిపోయింది.

“ఫ్రిజ్, నేను... గాలి...”

“గాలి సంగతి నాకు తెలుసు. కాలు ఎలా ఉంది?”

“బాగానే ఉంది. కానీ ఇలా నిలబడితే చల్లబడిపోతోంది.”

“మరి నిలబడతావేం, బుద్ధి ఉందా? ఎగురు! ఉన్నచోటే పరిగెత్తు! వీళ్ళ సంబరం అయ్యేసరికి పావుగంట పడుతుంది.” వాడు పరిగెత్తడం మొదలెట్టాడు. నేను పక్కన నిలబడి మోకాళ్ళు ఇంకా ఎత్తమని అరుస్తున్నాను. “ఇప్పుడు విను. ఇంకో బంతి వస్తుంది. మళ్ళీ వెళ్ళు.”

“మళ్ళీ తప్పితే?”

“తప్పితే తప్పుతుంది. పోయేది పోయింది, ఇంక నా దగ్గర పోవడానికి ఏముంది? వెళ్ళు.”

వాడు నా కళ్ళలోకి చూసి తలూపాడు. అప్పుడు వెనక్కొచ్చి కోర్బెట్‌తో చెయ్యి కలిపాను. బంతి వాడి చేతిలో పెట్టి, “నీకు నలభై ఏళ్ళు లేటైంది,” అన్నాను. వాడు మంచి పిల్లవాడే, నిజం చెప్పాలంటే. “నీ శిష్యుడు నన్ను మూడు క్వార్టర్లు ఊపిరాడనివ్వలేదు. ఇప్పుడేమో పట్టించుకోవడమే మానేశాడు. ఏది ఎక్కువ అవమానమో తెలీడం లేదు,” అన్నాడు.

ఆట మళ్ళీ మొదలైంది. మేం నాలుగు వెనక. మావాళ్ళు ఎలాగో కిందామీదా పడి ఓ గోల్ కొట్టారు, రెండు ముందు. ఇంక ఆట ముగిసే సైరన్ మోగడమే తరువాయి. అప్పుడు మర్రాబుల్ వాళ్ళు మైదానం మధ్యలోంచి పొడుగ్గా తన్నారు, ఎడం పక్క కంచె వైపు. అక్కడ వాళ్ళ మనిషి ఖాళీగా ఉన్నాడు. రూబెన్‌కి చాలా దూరం. కోర్బెట్ పక్కనే ఉండిపోతే వాణ్ణి ఎవరూ తప్పుపట్టరు. వెళ్ళి అందుకోలేకపోతే కోర్బెట్ ఒక్కడే గోల్ ముందు, మా సీజన్ అక్కడితో సరి.

వాడు నా వైపు చూడలేదు.

వెళ్ళాడు. నాలుగడుగులకే తెలిసింది, జూన్ తర్వాత వాడిలా పరిగెత్తడం నేను చూడలేదు. దాచుకోవడం లేదు, లెక్క చూసుకోవడం లేదు. ఆ పొడుగు కాళ్ళు నేలని తన్నుకుంటూ పోతున్నాయి. “కాలు, కాలు” అని గొణుగుతున్న గ్లెనిస్ పటకారు నా భుజానికి గుచ్చుకుంటోంది. మర్రాబుల్ వాడు చేతులు చాచాడు. వాటి ముందుకి పక్కనించి రూబెన్ రెండు చేతులూ వచ్చాయి. బంతితో సహా కింద పడి, దొర్లి, లేచాడు. బంతి గుండెల మీదే ఉంది. సైరన్ మోగింది.

నేనేం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. గ్లెనిస్‌ని ముద్దుపెట్టుకున్నానట, అందరి ముందూ. పటకారు ఇప్పటికీ దొరకలేదు.

మరుసటి గురువారానికి గోడ మీద బోర్డు మార్చేశారు. పైన కోర్బెట్, కింద నేను. రంగు అదే బంగారం, అక్షరాలు మాత్రం వాడివి కొత్తవి కాబట్టి కాస్త మెరుస్తున్నాయి. భోజనానికి ముందు చీకటి పడుతుండగా నేనూ రూబెనూ ఎప్పటిలాగే గోల్ ముందు నిలబడ్డాం. మొదటి ఫైనల్‌కి ఇంకా పది రోజులుంది. పక్క పొలంలో కనోలా పూల పసుపు రంగు ఇంకా కనిపిస్తోంది. వాడి తొడకి పట్టీ కూడా లేదు.

“తన్నరా బ్రెట్!” అని అరిచి, అలవాటుగా రూబెన్ జెర్సీ పట్టుకోవడానికి చెయ్యి చాచాను. చేతికి గాలి తగిలింది. పక్కకి తిరిగితే వాడు లేడు. నలభై ఏళ్ళు ఎవడో ఒకడు నా వీపుకి అతుక్కునే ఉన్నాడు. ఇవాళ గోల్ ముందు నేనొక్కణ్ణే.

“ఎక్కడ చచ్చావురా?” అని కేకేశాను.

చాలా ముందు నుంచి, చీకట్లోంచి, వాడు రెండు చేతులతో బంతి పైకెత్తి చూపించాడు.